అత్తయ్య మోకాలికి మబ్బు పట్టింది

కుట్టు కొట్టు మీది గది,
సోమవారం

మహా గౌరవనీయురాలైన అత్తయ్యకి,

ముందుగా క్షమాపణ. ఈ ఉత్తరంలోనూ, దీని వెనక రాబోయే ఉత్తరాల్లోనూ నేను కొయ్యబోయే కోతలకీ, పెద్దలతో ఆడబోయే పరాచికాలకీ, నా చేతిరాతకీ, ఆ చేతికీ, ఆ చేతిని కన్న మీ అన్నయ్యకీ కలిపి ఒకేసారి సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను. పట్టా పుచ్చుకుని కూడా ఇలా తయారైనందుకు మా కాలేజీ తరఫున ఇంకొకటి. నిజంగా చేసిన తప్పులకి మాత్రం చెప్పడం లేదు. అలాంటివేవీ లేవు కనక.

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. కానీ ఉభయుల్లో ఒకరి మోకాళ్ళు కుశలంగా లేకనే కదా ఆ లోయకి బయల్దేరింది. డాక్టరుగారు, "కీళ్ళవాతానికి మాత్రలు వేసుకుంటూనే వేడినీటి బుగ్గలో ఓ నెల్లాళ్ళు స్నానాలు చెయ్యండి. నీళ్ళలో కాళ్ళు ఆడించండి, కొంత తేలికపడుతుంది" అన్నప్పుడు నువ్వు ఆయన్ని చూసిన చూపు నాకింకా గుర్తే. "జీవితమంతా మిషను తొక్కాను, ఇంకా ఆడించాలా?" అన్నావు. ఆయన మందుచీటీ వెనక దాక్కున్నారు. ఏ బుగ్గకి వెళ్ళాలో మర్నాడు నేనే వెళ్ళి కనుక్కొచ్చి నీకు చెప్పాను. ఇంత బాధ్యత గల మేనల్లుడు ఇంకో వీధిలో ఉంటే చూపించు.

కానీ బస్సు మెట్టు మీద నిలబడి నువ్వన్న మాట మాత్రం నాకు నచ్చలేదు. "తిరిగొచ్చాక కూడా తొక్కలేకపోతే మిషను అమ్మేసి కూర్చుంటాను" అన్నావు. నువ్వు ఊరికే కూర్చోగా ఈ వీధిలో ఎవరూ చూడలేదు. ఎవరికీ చూడాలనీ లేదు. మోటారు పెట్టిద్దామంటే, "మోటారుకి గుడ్డ మీద జాలుండదురా" అంటావు. కాబట్టి నాన్చకుండా నానిరా.

ఇక వీధి సంగతి. పొద్దున్నే లాండ్రీ పిన్ని వచ్చి, మూసున్న కొట్టు తలుపు వంక చూస్తూ, "ఎడమది ఎలా ఉందిట?" అంది. పాపం అలవాటు. నీ ఎడమ మోకాలు సలిపితే వాన, సలపకపోతే ఎండ అని నమ్మి కదా ఆవిడ ఇన్నేళ్ళూ దుప్పట్లు ఆరేసింది. ఆవిడ వెనకే గుడారాలూ మేకులూ అద్దెకిచ్చే మన టెంట్ల బాబాయి. రేపెవరిదో విందుంది, తడవకుండా పైన బరకం కట్టాలా వద్దా అని అడిగాడు. నేను ఫోను తీసి వాతావరణం చూపించాను. ఆయన నన్నూ, ఫోన్నూ ఒకే రకంగా చూసి, "దీనికి మోకాళ్ళున్నాయా?" అన్నాడు. లేవన్నాను. "మరింకేం" అని వెళ్ళిపోయాడు. బోడిగుండుకీ మోకాలికీ ముడి అనే మాట ఎలా పుట్టిందో, వెళ్ళిపోతున్న ఆయన గుండు చూస్తూ తెలుసుకున్నాను.

ఆ కొండల మధ్య ఫోను పలకదట కనక రోజు విడిచి రోజైనా ఓ ఉత్తరం ముక్క బస్సు కండక్టరు చేతికియ్యి. మోకాలి సంగతి మాత్రం వివరంగా రాయి. కేవలం ప్రేమ కొద్దీ అడుగుతున్నాను.

ఇట్లు,
నీ బడుద్ధాయి


వేడినీటి స్నానశాల, లోయ,
బుధవారం

ఒరేయ్ బడుద్ధాయ్,

నీ క్షమాపణ చదివేసరికే కళ్ళు నొప్పెట్టాయి. మోకాళ్ళ కోసం వచ్చి కళ్ళు పోగొట్టుకునేలా ఉన్నాను.

ఇక్కడ గాలిని పీల్చక్కర్లేదురా, తాగొచ్చు. గది గోడలు నాకంటే ఎక్కువ చెమటలు కక్కుతున్నాయి. వచ్చిన రోజు ఉతికిన తువ్వాలు ఇవాళ్టికీ ఆరలేదు సరికదా, ఆరేసినప్పటికంటే బరువెక్కింది. పొద్దున చెప్పుల్లో కాలు పెట్టబోతే అక్కడ నాకంటే ముందు ఓ పుట్టగొడుగు వెలిసి కూచుంది. తలుపు ఉబ్బిపోయి, రాత్రి వేస్తే పొద్దున తెరుచుకోదు. బయట్నించి ఎవరో ఒకళ్ళు తన్నాలి. నా తలుపు పక్కగది ముసలాయన తంతాడు. ఆయన తలుపు నేను తన్నాలిట, అదీ ఇక్కడి మర్యాద. నేనెక్కడ తన్నను? చేతికర్రతో బాదుతున్నాను. లోపల్నించి ఆయన, "చాలమ్మా చాలు, తలుపు తీసే ఉంది" అని అరుస్తాడు.

నీళ్ళకి కుళ్ళిన గుడ్డు వాసన. తొట్టిలో దిగేదాకా ముక్కు మూసుకున్నాను. దిగాక ముక్కుందన్న సంగతే మర్చిపోయాను. అంత సుఖం. హాయిగా కళ్ళు మూసుకున్నానో లేదో ఈల వినపడింది. నీళ్ళ దగ్గర చూసుకునే మనిషి ఒకావిడుంది, అందరూ నీళ్ళక్క అంటారు. గట్టు మీద ఈల కరుచుకుని నిలబడుతుంది.

"నానడానికి మీరేమన్నా బట్టలా? కాళ్ళాడించండి!" అంది.

"ఎలా ఆడించమంటావు?" అన్నాను.

"ఇంటి దగ్గరేం చేస్తారు?"

"మిషను తొక్కుతా."

"అయితే తొక్కండి."

తొక్కానురా! గొంతు దాకా నీళ్ళలో కూచుని, లేని మిషను తొక్కాను. నొప్పి లేదు. పక్కనున్నావిడ కాసేపు చూసి, "ఏం కుడుతున్నారండీ?" అంది. చొక్కా అన్నాను. "అయితే మా ఆయనక్కూడా ఒకటి. చేతులు కాస్త పొడుగు పెట్టండి" అంది.

బయటికొచ్చి ఆ తడిగాలి తగిలేసరికి మళ్ళీ మొదలు. నిన్న సాయంత్రం నించీ ఎడమ మోకాల్లో ఎవరో మేకు దిగ్గొడుతున్నట్టుంది.

వేళకి తిండి తిను. నా మిషను మీద టీ గ్లాసు పెట్టకు. పెట్టావని నాకు తెలుసు. తియ్యి.

మీ అత్తయ్య


కుట్టు కొట్టు మీది గది,
శనివారం

విజయీభవ అత్తయ్యా,

గ్లాసు తీశాను. ఇంత దూరాన్నించి ఎలా కనపడిందో అడగను.

నీ మేకు గురువారం సాయంత్రం బస్సులో దిగింది. వాన శుక్రవారం పొద్దున దిగింది. ఆ రెంటికీ మధ్య నేను వీధిలోకి దిగి, "రేపు వానే! అత్తయ్య ఎడమ మోకాలు ఉవాచ!" అని చాటాను. లాండ్రీ పిన్ని హోటలు వాళ్ళ దుప్పట్లన్నీ లోపలే ఆరేసింది. టెంట్ల బాబాయి బరకం కట్టాడు. ఆకాశానికి చిల్లు పడ్డట్టు కురిసింది. విందులో ఒక్కడి విస్తట్లో కూడా చుక్క పడలేదు. వీధి వీధంతా నా వంక గౌరవంగా చూసింది. నేను మాట్లాడుతుంటే జనం నోరు మూసుకుని వినడం నాకు పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు.

ఇందులో శాస్త్రం ఉంది, విను. మనకొచ్చే మబ్బులన్నీ ఆ లోయ మీంచే వస్తాయి. అక్కడి వాన ఓ రోజు గడిచాక ఇక్కడ కురుస్తుంది. నీ ఉత్తరం వానకంటే ముందు చేరుతుంది. అయితే అక్కడ ఎప్పుడూ తుంపరే కదా, ఏది ఉత్తుత్తి తుంపరో, ఏది కొండ దాటి మన దుప్పట్ల దాకా వచ్చే అసలు వానో ఆ లోయలో వాళ్ళకే తెలీదు. నీ మోకాలికి తెలుసు! నా బుర్ర మోకాల్లో ఉందని తిడతావు గానీ, మన వీధి బుర్రంతా నీ మోకాల్లోనే ఉంది.

ఇప్పుడు సాయంత్రం బస్సొచ్చే వేళకి అందరూ కొట్టు ముందు చేరుతున్నారు. నేను స్టూలెక్కి మోకాలి భాగం చదివాను. మిగతాది కూడా చదవమన్నారు. పుట్టగొడుగు దగ్గర లాండ్రీ పిన్ని కళ్ళొత్తుకుంది. తలుపు తన్నే దగ్గర టెంట్ల బాబాయి గొంతు సవరించుకుని, ఆ పక్కగది ముసలాయన వయసెంతో కనుక్కోమన్నాడు.

ఇట్లు,
వీధి ఆస్థాన పఠిత


వేడినీటి స్నానశాల, లోయ,
సోమవారం

ఒరేయ్ వెధవా,

నా మోకాలు నీకు దండోరా డప్పులా కనిపించిందా? ప్రేమ కొద్దీ అడుగుతున్నానంటే నిజమేననుకుని మేకు గురించీ మిగతా దాని గురించీ ఒళ్ళు మరిచి రాశాను. ఆ పుట్టగొడుగు సంగతి కూడా చదివేశావూ? రేపు నేను ఏ మొహం పెట్టుకుని వీధిలో నడవను?

సరే, ఇంతకీ టెంట్లాయన ఏమన్నాడో మాటకి మాట రాయి. ముసలాయన వయసు ఆయనకెందుకుట? ముసలాయనకి పైపళ్ళు లేవని చెప్పు. కింద పళ్ళున్నాయో లేదో నేను చూళ్ళేదు.

నీళ్ళలో ఇవాళ రెండు చొక్కాలూ ఓ లాగూ కుట్టాను. పక్కావిడ కొలతలు మార్చమంది. విప్పి మళ్ళీ కుట్టాను.

నొప్పి తగ్గింది. నిన్న సలపలేదు. ఇవాళ కూడా లేదు. మెట్లు కర్ర లేకుండా ఎక్కాను. ఇక్కడి గాలి నాకు బాగా పడింది. నువ్వు బెంగ పెట్టుకోకు.

ఇంతే సంగతులు.

మీ అత్తయ్య


కుట్టు కొట్టు మీది గది,
మంగళవారం సాయంత్రం

అత్తయ్యా అత్తయ్యా అత్తయ్యా,

కర్ర లేకుండానా! మెట్లా! చదువుతూ చదువుతూ నేనే స్టూలు మీంచి పడ్డాను. జనం చప్పట్లు కొట్టారు, నువ్వెక్కినందుకో నేను పడ్డందుకో తెలీదు.

మిషను దుమ్ము దులిపి చక్రానికి నూనె వేశాను. ఒంపేశాననాలి. కింద పెట్టిన బేసిన్లో ప్రస్తుతం మిషనులో ఉన్నదానికంటే ఎక్కువ నూనె ఉంది.

వీధి మాత్రం రెండుగా చీలింది. టెంట్ల బాబాయి తలొంచుకుని, "కుడిది పూర్తిగా బాగుచేయించుకుని, ఎడమది అలా... కొంచెం... వదిలెయ్యమని రాస్తావా?" అన్నాడు. లాండ్రీ పిన్ని ఇస్త్రీపెట్టె ఎత్తింది. "ఆవిడ నడకా, నీ గుడారాలా? మనిషి బాగుపడుతుంటే మోకాలొడ్డుతావా?" అని కేకలేసింది. ఆయన, "ఒడ్డడానికి నాదగ్గరేముంది? ఉన్న మోకాలంతా ఆవిడదేగా" అని గొణిగాడు.

ఏమైతేనేం, రెండ్రోజులుగా సలపలేదన్నావు కనక రేపు ఎండ. పిన్ని హాస్టలు వాళ్ళ పరుపుల గలీబులన్నీ, ఉన్న కర్టెన్లన్నీ తడిపేసింది. పొద్దున్నే డాబా నిండా ఆరేస్తుంది. బాబాయి బరకం లేకుండా రంగుగుడ్డల పందిరి వేస్తున్నాడు, పుట్టినరోజుట. నీ మోకాలు పుణ్యమా అని వీధి వీధంతా నిశ్చింతగా ఉంది.

ఇట్లు,
నూనె మరకలతో,
నీ బడుద్ధాయి


అదే గది, కాకపోతే కింద బకెట్లు,
బుధవారం

అత్తయ్యకి,

కురిసింది.

ఎలా కురిసిందని అడక్కు. హాస్టలు గలీబులు ఒక్కొక్కటీ ఒక్కొక్క చెరువైంది. ఓ కర్టెను గాలికి ఎగిరిపోయి పోస్టాఫీసు మీద వాలింది, వాళ్ళదేమో అనుకుని లోపల మడతపెట్టుకున్నారు. బాబాయి పందిరి గుడ్డల రంగులన్నీ కిందికి దిగి, పుట్టినరోజు పిల్ల ఆకుపచ్చగానూ, వాళ్ళ తాతగారు వంకాయరంగులోనూ ఇంటికెళ్ళారు. మన సంగతి అక్షరాలా తడిసి మోపెడయింది. నన్ను కొట్టడానికి ఎవరి చేతులూ ఖాళీగా లేవు, అందరూ పిండుకుంటున్నారు.

కూచుని ఆలోచించాను. వాన అబద్ధమాడదు. నీ ఎడమ మోకాలు ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఆడలేదు. ఇక మిగిలింది ఎవరు?

నీ కిందటి ఉత్తరం మళ్ళీ తీశాను. పైపళ్ళ దాకా నువ్వే రాశావు. నొప్పి దగ్గరకొచ్చేసరికి మాటలు పొట్టివైపోయాయి. ఇక్కడి గాలి పడిందట! ఆ గాలి చెప్పుల్లో పుట్టగొడుగులకి పడింది, నీకెలా పడుతుంది? ఇంతే సంగతులు అన్నావు. నీకెప్పుడైనా ఇంతే సంగతులు ఉన్నాయా?

నిజం రాయి. వీధి కోసం కాదు. ఈ ఉత్తరం స్టూలెక్కి చదవను. ఒట్టు.

నీ మేనల్లుడు


వేడినీటి స్నానశాల, లోయ,
శుక్రవారం

నాన్నా,

దొంగ దొరికింది.

మెట్లెక్కలేదు. మొదటి మెట్టు దగ్గరే కూచుండిపోతే ఆ పళ్ళులేని ఆయనే చెయ్యిచ్చి లేపాడు. నీకు ఉత్తరం రాసిన రోజు మేకు కాదు, గునపం దిగింది. నీళ్ళలో ఉన్నంతసేపూ నేను రాణినే. ఎన్ని చొక్కాలంటే అన్ని చొక్కాలు. గట్టెక్కానా, తడిబట్ట, తడిమంచం, తడిగాలి. తెల్లారేసరికి మోకాలు చెక్కబొమ్మది తెచ్చి అతికించినట్టుంటుంది.

ఎలా రాయనురా? నన్నెక్కించడానికి వీధంతా వచ్చింది. బస్టాపు దగ్గర ఎండ తగలకుండా టెంట్లాయన చిన్న గుడారం కూడా వేశాడు. నువ్వేమో మా అత్తయ్య పరిగెత్తుకుంటూ వస్తుందని కండక్టరుకి కూడా చెప్పావు. అంత ఆర్భాటంగా పంపిస్తే, ఇక్కడ ఇంకా ఎక్కువైందని రాస్తే ఏమవుతుంది? వచ్చెయ్యమంటావు. వచ్చేస్తే మిషనుకి నీళ్ళొదులుకోవడమే.

ఇంకోటి కూడా చెప్తాను, నవ్వకు. బాగైనా భయమేగా నాకు. ఈ నొప్పి ఉన్నందుకేరా పొద్దున్నే పదిమంది నా గుమ్మం తొక్కేది. ఇది పోతే లాండ్రీది వచ్చి నన్నేమడుగుతుంది? నొప్పుంటే మిషను పోతుంది, నొప్పి పోతే వీధి పోతుంది. ఏది కోరుకోవాలో తెలీక నీళ్ళలో కూచుని లేని చొక్కాలు కుడుతున్నాను.

లాండ్రీదానికి గంపెడు గలీబుల పని పెట్టినందుకు నేను క్షమాపణ చెప్పానని చెప్పు. నీలా పొడుగుగా కాదు, ఒక్క ముక్కలో.

నిన్న నీళ్ళక్క నా పక్కన కూచుని మోకాలు పట్టి చూసింది. "కీళ్ళ మనిషి, ఇక్కడెందుకు దిగారండీ? ఇక్కడికొచ్చే వాళ్ళలో ఎక్కువమందివి చర్మం గోలలు. నీళ్ళు అందరికీ సుఖమే గానీ ఈ తడిగాలి మీలాంటి కొందరికి పడదు. పైన పీఠభూమి మీద ఇంకో బుగ్గుంది, నీళ్ళు ఇలాంటివే, గాలి పొడి. మీకెవరూ చెప్పలేదా?" అంది.

డాక్టరు అదేమీ ఎత్తలేదా? కనుక్కొచ్చింది నువ్వే కదూ?

మీ అత్తయ్య


కుట్టు కొట్టు మీది గది,
ఆదివారం

అత్తయ్యా,

ఈసారి సాష్టాంగాలు లేవు. నీ ఉత్తరం అడిగిన ప్రశ్నకి జవాబు రాయడానికి నాలుగు కాగితాలు చించి, ప్రస్తుతం నీళ్ళు నములుతున్నాను. నీ లోయ నీళ్ళ వాసనే వస్తోంది.

ముందు మంచి వార్తలు. స్టూలెక్కలేదు, ఒట్టు నిలబెట్టుకున్నాను. "ఆ తడిగాలి అత్తయ్యకి పడట్లేదు, మనకోసం దాచింది" అని మాత్రం చెప్పాను. లాండ్రీ పిన్ని తడి గలీబు తీసుకుని నన్నోటి వేసింది. ఎందుకని అడిగితే, "దాన్ని కొట్టలేను కదా, దూరంగా ఉంది" అంది. టెంట్ల బాబాయి బయటికెళ్ళి, తల పైకెత్తి, ఆకాశం వంక చూశాడు. ఆయనకి అది పైన ఉంటుందని ఇన్నాళ్ళకి తెలిసింది. "ఇకమీద ప్రతి పందిరికీ బరకం కడతాను. మోకాలూ వద్దు, గీకాలూ వద్దు. ఆవిణ్ణి బాగుపడమను" అన్నాడు. ముసలాయన చెయ్యిచ్చి లేపిన సంగతి చెప్పలేదు. ఒకరోజుకి ఒక దెబ్బ చాలు.

ఇంకోటి. నీకు గుమ్మం గురించి బెంగ కదా. ఇవాళ పొద్దున పిన్ని మామూలుగా వచ్చి, మూసున్న తలుపు వంక చూస్తూ, "ఎలా ఉందిట?" అంది. నేను కంగారుపడి, వానో ఎండో నాకు తెలీదు పిన్నీ అన్నాను. "వానెవడడిగాడ్రా? బట్టలు ఎప్పుడో ఆరేసొచ్చా. మనిషి ఎలా ఉందిట?" అంది. నాకప్పుడు అనుమానమొచ్చి అడిగాను, ఇన్నేళ్ళూ కూడా ఆరేసే వచ్చేదానివా అని. "కొన్నిసార్లు" అంటూ వెళ్ళిపోయింది.

పీఠభూమి మీద బుగ్గలో నీకు గది చెప్పాను. తలుపులు ఉబ్బవట. కావాలంటే ఎవర్నైనా సరదాకి తన్నుకోవచ్చు. తొట్టి ఉంది, ఈల వేసే మనిషి కూడా ఉంది. తొక్కడం మానకు, ఆ పక్కావిడ మొగుడి చొక్కా మాత్రం పూర్తిచేసి ఇచ్చి బయల్దేరు. పూర్తిగా తగ్గుతుందని నేను కొయ్యను, తగ్గినంత తగ్గుతుందన్నారు డాక్టరుగారు. తిరిగొచ్చాక కాళ్ళతో తొక్కగలిగినంత నువ్వు తొక్కు, మిగతాది చక్రం నేను చేత్తో తిప్పుతాను. నాకు గుడ్డ మీద జాలుంది. మిషను ఎవరైనా అడిగితే, నూనె ఓడుతోంది, పనికిరాదని చెప్తున్నాను. అది నిజం కూడాను.

రేపు నిన్ను తీసుకెళ్ళడానికి రెండో బస్సులో వస్తున్నాను. ఈ ఉత్తరం మొదటి బస్సు కండక్టరుకిస్తున్నాను, కింద రాసింది చదివి నీకు కోపం రావడానికీ, వచ్చి చల్లారడానికీ కాస్త వ్యవధి ఉంటుందని. చల్లారకపోతే నీ కర్ర నీ దగ్గరే ఉంది. నేను పరిగెత్తను. నువ్వు నన్ను తరిమి పట్టుకుంటే మాత్రం వైద్యం ఫలించిందని బోర్డు రాయిస్తాను.

ఇట్లు,
నీ బడుద్ధాయి

తా.క. డాక్టరుగారు రెండు బుగ్గలు చెప్పారు అత్తయ్యా. మీ అత్తయ్యకి పైదే మేలన్నారు. కానీ పైనించి మబ్బులు మనవైపు రావు. అందుకని నీకు కిందది ఒక్కటే చెప్పాను.